వాడ నుంచి – 14: బంగారు పళ్లేనికి గోడ

గత భాగంలో మా నాయన సైకిల్ గురించి రాస్తూ, మా తాత కోలారు గనిలో పని చేశాడని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యానికి వచ్చినన్ని ప్రశ్నలు సైకిల్‌కి రాలేదు. "సినిమాలో కేజీఎఫ్, మీ తాత కేజీఎఫ్ ఒకటేనా అక్కా?" అని చాలామంది పిల్లలు మెసేజ్ పెట్టారు. అందుకే ఈ భాగం మొత్తం దాని గురించే. పొడుగవుతుంది. ఓపిక పట్టి చదవండి.

మొదట మా క్లాస్‌రూమ్‌లో జరిగింది చెప్తాను.

డిగ్రీ పిల్లలకు శ్రీనాథుడి గురించి చెప్తున్నాను. ప్రౌఢదేవరాయల కొలువు, డిండిమభట్టుతో వాదం, ఆయన కంచు ఢక్కను పగలగొట్టించడం, చివరికి రాజు కవికి బంగారు నాణేలతో స్నానం చేయించడం. తెలుగు మాస్టార్లందరికీ ఇష్టమైన ఘట్టం కనకాభిషేకం. నేనూ ఏళ్ల తరబడి ఇష్టంగానే చెప్తున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "మేడం, ఆ బంగారం కేజీఎఫ్‌దేనా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఆ పిల్లాడు వేళాకోళానికి అడిగిన ప్రశ్న, ఎంఏ నుంచి పీహెచ్‌డీ దాకా నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఓడిపోయిన పండితుడి పేరు తెలుసు. పగిలిన ఢక్క ఏ లోహందో తెలుసు. కవి తల మీద పోసిన బంగారాన్ని ఏ గుంతలోంచి తీశారో, తీసినవాళ్లెవరో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

"మా తాత కేజీఎఫ్‌లో పనిచేశాడు" అన్నాను. క్లాసు నిశ్శబ్దమైంది. తర్వాత ఒకమ్మాయి మెల్లగా, "అయితే మీ ఇంట్లో బంగారం శానా ఉంటాది కదా మేడం" అంది.

మా ఇంట్లో ఉన్న బంగారం మా అమ్మ కమ్మలు. నా పీహెచ్‌డీ నాలుగో ఏట ఫెలోషిప్ ఆగిపోతే, థీసిస్ టైపింగుకీ బైండింగుకీ వాటిని బ్యాంకులో పెట్టాం. నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు విడిపించాం. ముప్పై ఏళ్లు బంగారు గనిలో దిగిన మనిషి ఇంట్లో ఉన్న బంగారం అంతే. అది కూడా ఆయన తెచ్చింది కాదు. అమ్మకు పుట్టింటివాళ్లు పెట్టింది.

*

మా ఊరు కుప్పం దగ్గర. మాది మాలవాడ. మా దగ్గర తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే నోట్లో తిరుగుతాయి. కుప్పంలో రైలెక్కితే బంగారుపేట, అక్కడ మారితే మారికుప్పం. అదే ఆఖరి స్టేషన్. అక్కడే గని. మా అవ్వ దాన్ని ఎప్పుడూ గని అనలేదు. కేజీఎఫ్ అని అసలే అనలేదు. "గుంత" అనేది. "మీ తాత గుంతకి పోయినప్పుడు" అని మొదలుపెట్టేది. చిన్నప్పుడు నేను ఊరి చివర మట్టి తీసిన గుంత లాంటిదేదో అనుకునేదాన్ని.

ఆ గుంత లోతు సుమారు 3 కిలోమీటర్లు.

మళ్లీ చదవండి. లోతు అది. మీ ఊరి నుంచి పక్క ఊరికి నడిచి వెళ్లే దూరాన్ని నిలబెట్టి నేలలోకి దించితే ఎంతో అంత. ఛాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనుంచి గాలి పంపకపోతే మనిషి నిలవలేడు.

పుస్తకాల్లో ఈ గని చరిత్ర ఎప్పుడూ ఒక తెల్లదొర పేరుతో మొదలవుతుంది. 1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక, మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఇక్కడ బంగారం ఉందని నివేదిక రాశాడు. డెబ్బై ఏళ్ల తర్వాత, న్యూజిలాండ్‌లో మావోరీల మీద యుద్ధం చేసి వచ్చి బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు ఆ నివేదిక చదివాడు. 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వే అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చింది. కథ ఇలా నడుస్తుంది. ఒక దొర "కనిపెట్టాడు", ఇంకో దొర "ధైర్యం చేశాడు", మూడో దొర "పెట్టుబడి పెట్టాడు".

కానీ వారెన్ రాసింది జాగ్రత్తగా చదివితే కనిపించేది వేరు. ఆయన వచ్చేసరికే జనం అక్కడ పాత గుంతల్లోకి దిగుతున్నారు. లోపల వరసగా నిలబడి, రాళ్ల గంపలు చేతి నుంచి చేతికి అందించుకుంటూ పైకి తెస్తున్నారు. ఆడవాళ్లు ఆ రాళ్లను బండ మీద పిండిగా దంచి, నీళ్లలో కడిగి బంగారం తీస్తున్నారు. మరి కనిపెట్టిందెవరు? తవ్వుతున్న మనిషిని చూసి కాగితం మీద రాసుకున్నవాడు కనిపెట్టినవాడయ్యాడు. తవ్వుతున్న మనిషికి ఆ కాగితంలో పేరే లేదు. తర్వాత వచ్చిన కంపెనీలు కూడా చాలాచోట్ల ఈ పాత గుంతల ఆనవాళ్లు పట్టుకునే తవ్వాయి. రాయచూరు జిల్లా హట్టిలో పాత గనిలో దొరికిన కర్రల వయసు లెక్కిస్తే దాదాపు 2000 ఏళ్లని తేలింది. రెండు వేల ఏళ్లుగా ఎవరో ఆ గుంతల్లోకి దిగుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేస్తాను. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుల నగలు ఎలా ఉండాలో చెప్పారు. ఇనుముతో చేసినవే ఉండాలట. ఇనుము తప్ప పెట్టుకోకూడదన్న మనుషులతోనే ఈ దేశం ఆధునిక కాలంలో తన అతిపెద్ద బంగారు గనిని తవ్వించుకుంది. 120 ఏళ్లలో కోలారు నుంచి తీసిన బంగారం సుమారు 800 టన్నులు.

*

గనిలోకి దిగింది ఎవరు? ఎక్కువమంది దళితులు. తమిళ పరయర్లు, మన వైపు నుంచి పోయిన తెలుగు మాలలు, మాదిగలు. ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి జనం వచ్చారని పుస్తకాల్లో ఉంటుంది. అది చదివి చాలామంది వాళ్లంతా తమిళులే అనుకుంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన చిత్తూరు, పలమనేరు అంతా ఉత్తర ఆర్కాటులో భాగమే. ఆ పేరు వెనక మన తాతలూ ఉన్నారు.

వాళ్లు ఎందుకు పోయారు? 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో మహా కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు రెండూ మాడిపోయాయి. లక్షల మంది చచ్చిపోయారు. కరువులో ముందు చచ్చేది ఎవరో మీకు చెప్పాల్సిన పని లేదు. భూమి లేనివాడు, గింజల కూలికి బతికేవాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే గనులు తెరుచుకున్నాయి. చేతికి డబ్బు ఇస్తారన్న మాట పల్లెలకు పాకింది.

నేను ఈ చరిత్రను చాలా కాలం ఒకే కన్నుతో చూశాను. దోపిడీ, చావు, దుమ్ము. అది నిజం. కానీ అవ్వ చెప్పేది వింటే ఇంకోటి కూడా ఉంది. ఒకసారి అడిగాను. "అంత కష్టమైన పనికి ఎందుకు పోయినారవ్వా? ఊర్లోనే ఉండొచ్చు కదా?"

అవ్వ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఊర్లోనా? ఊర్లో మీ తాత చెప్పులు సేత్తో పట్టుకొని నడ్సల్ల. ఆడ కాలికేసుకొని నడ్సినాడు పాపా. నెలకి కూలి లెక్కబెట్టి సేతిలో పెట్టినారు. ఈడ సద్ది నీళ్లు దోసిట్లో పోసినారు."

అవ్వకు అక్కడే ముక్కుపుడక కొనిచ్చాడట తాత. ఇంత చిన్నది. అది పెట్టుకొని ఊరికి వస్తే, ఊళ్లో ఒక పెద్దింటావిడ చూసి, "మాలదానికి ముక్కు మెరస్తా ఉందే" అందట. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అవ్వ దాన్ని తీసి కొంగున ముడేసుకునేది. తిరిగి రైలెక్కాక, బంగారుపేట దాటాక పెట్టుకునేది. తాతకు జబ్బు చేసినప్పుడు అదీ అమ్ముడుపోయింది.

అందుకే నేను కోలారును కేవలం నరకం అని రాయలేను. మన వాళ్లు వెన్ను నిటారుగా పెట్టి నడిచిన చోటు అది. వాళ్ల ఊపిరిని తినేసిన చోటూ అదే. ఈ రెండింట్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా అవ్వకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

*

అలాగని అక్కడ కులం లేదని కాదు. అక్కడ కులానికి రంగు కూడా తోడైంది. పైన యూరోపియన్లు, తర్వాత ఆంగ్లో ఇండియన్లు, అట్టడుగున మనం. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. ఆ ఊరిని "లిటిల్ ఇంగ్లండ్" అని ముద్దుగా పిలిచేవాళ్లు. కూలీలకు లైన్లు. వెదురు తడికెలతో వరసగా కట్టిన గుడిసెలు. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు లాగారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగకముందే ఇక్కడికి కరెంటు వచ్చిందని ఇప్పటికీ గొప్పగా చెప్తారు. అది వచ్చింది గని యంత్రాల కోసం. తడికె గుడిసెల కోసం కాదు.

లోతుకు వెళ్లేకొద్దీ ఇంకో ప్రమాదం మొదలైంది. చుట్టూ ఉన్న రాయి మీద మోయలేనంత బరువు పడి, అది ఉన్నట్టుండి పేలిపోతుంది. రాక్ బరస్ట్ అంటారు. పైన ఊళ్లోకి కూడా అదురు తెలిసేది. "అటక మీద గిన్నెలు గలగలమంటే సాలు" అనేది అవ్వ, "పొయ్యి మీద ఎసరు అట్లే ఇడ్సిపెట్టి ఆడోళ్లమంతా షాఫ్ట్ కాడికి పరిగెత్తేది. కేజీ పైకొచ్చినప్పుడు మన మొగం కనిపిస్తే ఏడ్సేది. కనిపించకపోయినా ఏడ్సేది." కేజీ అంటే మనుషుల్ని దించే ఇనుప బోను.

*

సినిమా సంగతి. చాలామందికి ఆ సినిమా ఇష్టమని తెలుసు. నేనూ చూశాను, పాటలకు నా కాలూ కదిలింది. కానీ ఆ సినిమాలో గని కూలీలు ఏం చేస్తారో గమనించండి. మసి మొహాలతో ఎదురు చూస్తారు. బయటి నుంచి ఒక వీరుడు వస్తాడు. వాళ్లు చేతులెత్తి మొక్కుతారు. రెండు భాగాల సినిమాలో వాళ్లు తమంతట తాము కూర్చొని మాట్లాడుకొని ఒక నిర్ణయం తీసుకున్న సీను ఒక్కటి గుర్తుందా మీకు?

అసలు కోలారులో జరిగింది చెప్తాను.

1930లో గని కూలీలందరి వేలిముద్రలు తీసుకొని రిజిస్టర్ చేయాలని పైవాళ్లు నిర్ణయించారు. ఎప్పుడూ బంగారం దొంగతనం భయమే వాళ్లకు. దానికోసం ప్రత్యేక చట్టాలు తెచ్చారు, కాపలాలు పెట్టారు, పని దిగి వచ్చినవాళ్ల ఒళ్లు తడిమి చూశారు. ఇప్పుడు వేలిముద్ర. ఒక గనిలో తీసేసినవాడు పేరు మార్చుకొని ఇంకో గనిలో చేరకుండా ఆపవచ్చు.

కూలీలు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో వేలిముద్ర తీసుకునేది ఎవరి దగ్గర? జైలుకు పోయినవాళ్ల దగ్గర. నేరస్థ జాతులని ముద్ర వేసి ఎరుకల వంటి సమూహాల దగ్గర. "మేం దొంగలమా?" అన్నది వాళ్ల ప్రశ్న. చెప్పుకోదగ్గ యూనియన్ లేదు. పేరున్న నాయకుడు లేడు. అన్ని గనులూ ఆగిపోయాయి. దాదాపు మూడు వారాలు ఎవరూ దిగలేదు. చివరికి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జానకీ నాయర్ మైసూరు సంస్థానపు కార్మికుల మీద రాసిన చరిత్రలో ఈ సమ్మె గురించి వివరంగా ఉంది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు తప్పకుండా వెతికి చదవండి.

ఆ సమ్మెలో మా ముత్తాత ఉన్నాడు. ఆయన గురించి ఇంట్లో మిగిలింది ఒక్క మాటే. అవ్వకు వాళ్ల అత్త చెప్పింది. ఆ మూడు వారాలూ ఆయన బొటనవేలిని పిడికిట్లో మూసుకొనే తిరిగాడట. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతి బొటనవేలు పిడికిట్లోనే ఉందట. అవ్వ ఇది చెప్పి పడీ పడీ నవ్వేది.

నేను తెలుగు పంతులమ్మను కదా, ఏకలవ్యుడి పాఠం ప్రతి ఏడాదీ చెప్తాను. గురువు అడగ్గానే బొటనవేలు కోసి ఇచ్చినవాడి గురుభక్తి అని పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడు ఆ పాఠం చెప్పినప్పుడల్లా నేను రెండో కథ కూడా చెప్తాను. అడిగినా బొటనవేలు ఇవ్వని వేలమంది కథ. అది పురాణంలో లేదు. కుప్పం నుంచి రైలెక్కితే పోయి చూసి రాగలిగినంత దగ్గర్లో జరిగింది.

ఇంకొకటి. ఈ తెగువ ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి ఎన్నో ఏళ్ల ముందే అయోతీదాస్ పండితర్ ఆలోచన ఈ గనుల్లోకి వచ్చింది. ఆయన 1898లో శాక్య బౌద్ధ సంఘం మొదలుపెట్టాడు. 1907 నుంచి "ఒరు పైసా తమిళన్" పత్రిక నడిపాడు. అంబేడ్కర్ బౌద్ధం తీసుకోవడానికి అర్ధ శతాబ్దం ముందే మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్‌లో గని కూలీలు బౌద్ధ సంఘాలు పెట్టుకున్నారు. అయోతీదాస్ పోయాక ఆగిన "తమిళన్" పత్రికను 1926లో అప్పాదురైయార్ కోలారు గనుల నుంచే మళ్లీ తెచ్చాడు. పగలు నేలలోకి దిగినవాళ్లు, సాయంత్రం దీపం కింద కూర్చొని తమ పత్రికను చదివించుకొని విన్నారు. తర్వాతి కాలంలో రిపబ్లికన్ పార్టీ వాళ్లు ఆ నియోజకవర్గం నుంచి ఎమ్మెల్యేలయ్యారంటే ఆ నేల అలా తయారై ఉంది కాబట్టి.

సినిమాలో వీరుడు ఒక్కడే. కోలారులో ఒక్కడు అక్కర్లేకపోయింది.

*

ఇప్పుడు తాత గురించి. రాయడానికి నాకు కష్టమైన భాగం ఇది.

తాత పద్దెనిమిదేళ్లకు దిగాడు. ముప్పై ఏళ్లు చేశాడు. ఆయన పని రాయికి బెజ్జం వేయడం. బెజ్జంలో మందు కూరి పేలుస్తారు. కోలారు బంగారం పలుగురాయిలో ఉంటుంది. పలుగురాయిని తొలిచినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించని గాజు లాంటి సిలికా ఉంటుంది. పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే మచ్చకట్టి గట్టిపడుతుంది. అది మళ్లీ మెత్తబడదు, బయటికీ రాదు. పని మానేసినా జబ్బు ఆగదు. సిలికోసిస్. దీనికి మందు లేదు. దుమ్ము లేవకుండా చూడడం ఒక్కటే మందు.

ఇది అప్పట్లో ఎవరికీ తెలియదని అనుకోకండి. 1940లలో కోలారులోనే డాక్టర్లు ఏడు వేలకు పైగా కార్మికులను పరీక్షించారు. నూటికి నలభై మందికి పైగా ఈ జబ్బు ఉందని తేలింది. భారతదేశంలో సిలికోసిస్ మీద వచ్చిన మొదటి పెద్ద అధ్యయనం అదే. అంటే మా తాత దిగడం మొదలుపెట్టిన రోజుల్లోనే, పైన కాగితాల మీద ఆయన భవిష్యత్తు రాసి ఉంది.

అదే గని లోతుల్లో 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల ఆనవాలు పట్టుకున్నారు. ప్రపంచ సైన్సులో పెద్ద విజయం. నాకు దాని మీద గౌరవమే. న్యూట్రినో భూగోళం ఈ వైపు నుంచి ఆ వైపుకు దూరి పోయినా ఎవరికీ తెలియనంత సన్నని కణం. అలాంటిదాన్ని పట్టే పరికరాన్ని అంత లోతుకు దించగలిగిన దేశం, ఆ సొరంగాల్లో పనిచేసేవాళ్ల రొమ్ములో గడ్డకట్టిన రాయిని చూడలేకపోయింది.

1974లో తాత ఊరికి వచ్చేశాడు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. ఇంటి నుంచి బావి దాకా నడవడానికి రెండుసార్లు కూర్చునేవాడట. పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేవాడట. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే చూసి, కాగితం మీద "క్షయ" అని రాసిచ్చారు. మళ్లీ ఏడాదికి మరోసారి వెళ్తే మళ్లీ "క్షయ". ఏ గనిలో పనిచేశావు, ఎన్నేళ్లు చేశావు అని అడిగినవాళ్లు లేరు.

క్షయ పేదవాడి జబ్బు. పేదరికం వల్ల, మురికి వల్ల వచ్చిందంటారు. తప్పు రోగిదే అవుతుంది. సిలికోసిస్ పని వల్ల వచ్చే జబ్బు. దానికి చట్టంలో పరిహారం ఉంది. రెండు జబ్బుల్లోనూ దగ్గే, రెండింట్లోనూ బక్కచిక్కడమే. కాగితం మీద మాత్రం ఒక్క పదం తేడా. ఆ ఒక్క పదంతో మా తాత ముప్పై ఏళ్లు చేసిన పని ఆయన చావుకు సంబంధం లేనిదైపోయింది. పదాల మీద డాక్టరేట్ తెచ్చుకున్న నేను ఆ పదం దగ్గర ఎన్నిసార్లు ఆగానో చెప్పలేను.

ఆ కాగితం అవ్వ రేకు పెట్టెలో దొరికింది. దాని కింద తాత వేలిముద్ర ఉంది. సిరా బాగా అంటలేదు, సగమే పడింది. తండ్రి మూడు వారాలు ఆకలికి ఓర్చి దాచుకున్న బొటనవేలిని, కొడుకు ఊపిరాడని రోజున, ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద వేశాడు.

ఆయన 1981లో చనిపోయాడు. నేను పుట్టింది ఏడేళ్ల తర్వాత. "గుంతకి పోయినోడు ఒక్కసారిగా సావడు పాపా" అనేది అవ్వ. "దినానికింత ఆడ ఇడ్సిపెట్టొస్తాడు. ఇంటికొచ్చేది మిగిలిందే."

*

తర్వాతి చరిత్ర త్వరగా చెప్తాను. 1956లో మైసూరు రాష్ట్రం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. మన చిత్తూరు జిల్లాలో చిగురుగుంట, అనంతపురం జిల్లాలో రామగిరి గనులు కూడా దాని కిందే నడిచాయి. ఖర్చు ఎక్కువ, దొరికే బంగారం తక్కువ అని చెప్పి 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఒక కాలంలో పాతిక వేల మందికి పైగా పనిచేసిన చోటు. ఇప్పుడు ఆ ఊరి పిల్లలు వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు, రాత్రికి తిరిగొస్తారు. తాతలు నిలువుగా దిగినదాన్ని మనవలు అడ్డంగా ప్రయాణం చేస్తున్నారు.

పోయిన ఎండాకాలం నేను వెళ్లి చూశాను. ఊరి మధ్యలో బూడిదరంగు కొండలు. కొండలు కావు. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకొని పారబోసిన వ్యర్థం. సైనైడ్ దిబ్బలంటారు. మూడు కోట్ల టన్నులకు పైగా ఉంటుందని లెక్క. గాలి లేస్తే ఆ పిండి ఇళ్ల మీదికి వస్తుంది. ఆ దిబ్బ మీద ఫోటోలు దిగుతున్న కుర్రాళ్లను చూశాను. సినిమాలో పాటకు స్టెప్పులు వేస్తున్నారు. వాళ్ల మీద కోపం రాలేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ దిబ్బల్లో ఇంకా మిగిలిన బంగారాన్ని తీయాలని ఎప్పటికప్పుడు వార్తలు వస్తుంటాయి. దిబ్బ పక్కన లైన్లలో ఉన్నవాళ్ల ఇళ్ల పట్టాల సంగతి మాత్రం అంత త్వరగా వార్త కాదు.

ఇది పాత కథ అని పక్కన పెట్టకండి. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని వచ్చింది. గని వద్దని నేను అనడం లేదు. పని కావాలి, కూలి కావాలి, నాకు తెలుసు. కానీ అక్కడ చదువుకునే దళిత పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు కోలారు మనకు నేర్పింది. దుమ్మును కొలుస్తున్నారా? ఆ లెక్క ఎక్కడ పెడుతున్నారు? ఏడాదికోసారి ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఎవరికి తీస్తున్నారు, కాంట్రాక్టు కూలీలకు కూడానా? రిపోర్టు కార్మికుడి చేతికి ఇస్తున్నారా? అతనికి వచ్చే భాషలో ఇస్తున్నారా? జొన్నగిరి ఒక్కటే కాదు. క్వార్ట్జ్ పొడి మిల్లులు, రాతి క్వారీలు, పలకల ఫ్యాక్టరీలు, ఎక్కడ రాయి పిండి అవుతుందో అక్కడ మా తాత దగ్గు ఉంటుంది. మీ ఇంట్లో అలా దగ్గేవాళ్లుంటే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, ఏ పని ఎన్నేళ్లు చేశారో. కాగితంలో అది రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం కోసం పట్టుబట్టండి.

*

మన దగ్గర ఒక సామెత ఉంది. బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలి అని. ఎంత గొప్పవాడికైనా ఆసరా అవసరం అని అర్థం చెప్తాం. ఎన్నో ఏళ్లు నేను కూడా పిల్లలకు అదే అర్థం చెప్పాను. గొప్పవాళ్లంతా పళ్లెం గురించే ఆలోచిస్తారు. ఇప్పుడు నాకు ఆ సామెత వినపడగానే, రాత్రంతా గోడకు ఆనుకొని ఊపిరి కోసం కూర్చున్న మా తాత గుర్తొస్తాడు. ఆయనే గోడ. ఆయనకు మిగిలింది కూడా గోడే.

మర్నాడు క్లాసులో శ్రీనాథుడి పాఠం మళ్లీ చెప్పాను. కనకాభిషేకం తీసేయలేదు. శ్రీనాథుడు నాకు ఇష్టమైన కవే. కానీ చివర్లో బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. "ఈ బంగారం ఎవరు తవ్వారు?" పరీక్షకు రాదు, మార్కులు లేవు అని చెప్పాను. ఇంటికెళ్లి మీ అవ్వనో తాతనో ఏ పని చేశారో, ఏ జబ్బుతో ఉన్నారో అడిగి ఒక పేజీ రాసుకురమ్మన్నాను. అరవై మందిలో పదకొండు మంది రాసుకొచ్చారు. ముగ్గురు గుంత గురించి రాశారు. వెనక బెంచీ అబ్బాయి ఆ ముగ్గురిలో ఒకడు. వాళ్ల తాతది మారికుప్పం అట. సినిమా రెండు భాగాలూ చూశాడు గానీ, ఆ సంగతి వాడికి ఆ రాత్రి దాకా తెలియదు.

మీరు కూడా అడగండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మా అవ్వను నేను రికార్డు చేయలేదు. ఇక్కడ రాసిందంతా నాకు గుర్తున్నదే. మరిచిపోయింది ఎంతో.

వచ్చే భాగంలో ఆ పదకొండు పేజీల గురించి, పిల్లల అనుమతితో.

జై భీమ్.